అమ్మ ముగ్గుకి తాళం

కిందటి సంక్రాంతికి కాదు, అంతకుముందు సంక్రాంతికి మా అమ్మ గాల్లో ముగ్గు వేసింది.

మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లుగా వాకిట్లో వంగడం మానేసిన మనిషి. దుబాయ్ నుంచి పండక్కి వచ్చిన మా మేనల్లుడు తన వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్ల ముందు బొమ్మల లోకం చూపించే పెద్ద కళ్లజోడు లాంటిది, ఆవిడ తలకి తగిలించాడు. చేతిలో కంట్రోలర్ పెట్టి, ఈ మీట నొక్కితే గీత పడుతుంది, వదిలేస్తే ఆగుతుంది అని చూపించాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అమ్మ పైకి లెక్కపెట్టుకుంటూ చుక్కలు పెట్టింది. పదిహేను నుంచి ఎనిమిది వరకు, సందు చుక్క. బయట నుంచి చూసేవాళ్లకి ఒక ముసలావిడ ఖాళీ గాలిని పొడుస్తున్నట్టుంది. పిల్లలు ఒకటే నవ్వు. వాడు ఆ బొమ్మని ఫోన్‌లోకి తెచ్చి చూపించాక నవ్వులు ఆగిపోయాయి. తెల్లటి గీతలు చుక్కల చుట్టూ తిరిగి తిరిగి వచ్చి మొదలైన చోటే కలుస్తున్నాయి. ఒక్క మెలిక కూడా తప్పలేదు.

గంటన్నర పట్టింది. అయ్యాక కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, రెండడుగులు ముందుకేసి, తల వెనక్కి తిప్పి చూసి, "ఒరే, దీనికి వెనకాల కూడా ఉందిరా!" అంది. అరవై ఏళ్లు ముగ్గులు వేసిన మనిషి ముగ్గు వెనక్కి వెళ్లి చూడటం అదే మొదటిసారి.

ఆ ముగ్గు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం దూరం నుంచి రావాలి.

నాది పర్లాకిమిడిలో మొబైల్ రిపేరు షాపు. ఒడిశాలో ఉన్న ఊరే గానీ బజార్లో బేరం తెలుగులోనే నడుస్తుంది. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఒకప్పుడు అటు వెళ్తే ఫోన్‌కి రోమింగ్ పడేది. ఇప్పటికీ కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ చేస్తే ఒడియాలో మొదలుపెట్టి, మన గొంతు విని హిందీలోకి దిగుతారు. నా బల్ల మీద హీట్ గన్, చిమటా, భూతద్దం లైటు, తెరవడానికి వాడే గిటారు పిక్కులు ఉంటాయి. రోజుకి ఐదారు ఫోన్లు తాళం పడి వస్తాయి. ప్యాటర్న్ మర్చిపోయినవి, జీమెయిల్ పాస్‌వర్డ్ పోయినవి, అల్లుడు సెట్ చేసి వెళ్లిపోయినవి. తాళాల గురించి కాస్త తెలుసనే ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

సరే, హెడ్‌సెట్ సంగతి. మేనల్లుడు వెళ్తూ వెళ్తూ, "పిల్లలు ఆడుకుంటారు, ఉంచు మావయ్యా" అని వదిలేసి వెళ్లాడు. అందులో వాడు కొన్న గేములు, అమ్మ ముగ్గు వేసిన బొమ్మల యాప్, అన్నీ కలిపి ఐదొందల దిర్హాముల సరుకు ఉంది. మన లెక్కలో పదకొండు వేల పైమాటే. పిల్లలు బడి నుంచి రాగానే వంతులు వేసుకునేవాళ్లు. ముఖానికి ఆనుకునే స్పాంజి చెమటకి తడిసి పుల్లటి వాసన కొట్టేది. అమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం తన ముగ్గు తెరిపించుకుని చూసి, ఒక మెలిక అటూ ఇటూ సర్ది పెట్టేసేది.

ఏప్రిల్‌లో ఏదో అప్‌డేట్ వచ్చింది. అది అయ్యాక మళ్లీ లాగిన్ అవ్వమంది. కోడ్ వెళ్లేది మేనల్లుడి దుబాయ్ నంబరుకి. వాడు ఫిబ్రవరిలో కంపెనీ మారి, పాత కంపెనీ సిమ్ అప్పగించేశాడు. మేం ఇక్కడి నుంచి, వాడు అక్కడి నుంచి ప్రయత్నం చేస్తుంటే, అనుమానంగా ఉందని అకౌంటు ఆపేశారు. దానికి నేను తప్పు పట్టను. దుబాయ్‌లో కొన్న వస్తువుని ఒడిశాలో ఎవడో గెలుకుతుంటే నేనైనా దొంగ అనే అనుకుంటాను. గుర్తింపు కార్డు పంపమన్నారు. పాస్‌పోర్టు కొత్త కంపెనీ వాళ్ల దగ్గరుంది. ఆధార్ పంపాడు.

అక్కడ మా ఊళ్లో పుట్టిన పాపం అడ్డొచ్చింది. ఒడియాలో వ, బ రెండూ ఒకే అక్షరంతో నడుస్తాయి. మా వాళ్ల పేర్లలో వెంకట అన్న ముక్క ఒడిశా కార్డుల మీదికి వచ్చేసరికి బెంకట అవుతుంది. రేషన్ కార్డులో బెంకట, ఓటరు కార్డులో బెంకట, పాస్‌పోర్టులో మాత్రం ఎవరో పుణ్యాత్ముడు సరిగ్గా రాశాడు. అకౌంటేమో పాస్‌పోర్టు పేరుతో ఉంది. పేరు కలవలేదని తిప్పికొట్టారు. రెండోసారి అఫిడవిట్‌తో పంపితే అచ్చం అదే జవాబు, అక్షరం మారకుండా వచ్చింది. నెల తిరిగాక, ఇక మళ్లీ చూడడం కుదరదు అని ఒక్క ముక్క. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీదు, నంబరు లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తిరిగిన ఊరు ఇది. ఆ ఊళ్లో కూర్చుని, నా పేరు నా పేరే అని ఒక మిషన్‌కి ఇంగ్లీషులో చెప్పుకోవాల్సి వచ్చింది.

హెడ్‌సెట్ మళ్లీ పనిచేయాలంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, కొత్త అకౌంటుతో మొదలుపెట్టాలి. రీసెట్ కొడితే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు కాపీ తీసుకుందామని కేబుల్ పెడితే, లోపలికి వెళ్లి అనుమతి నొక్కాలి. లోపలికి వెళ్లడానికి లాగిన్ కావాలి. వారం పాటు రోజూ షాపు మూశాక దాని ముందు కూర్చున్నాను. ఎనిమిదో రోజు రీసెట్ కొట్టాను. ఆ బటన్ నొక్కింది నేనే కాబట్టి అమ్మకి జవాబు చెప్పుకోవాల్సిందీ నేనే.

ఏ కంపెనీదో ఇక్కడ రాయను. నా గొడవ ఒక్క కంపెనీతో కాదు. పైరసీ ఆపడానికంటూ ఈ తాళం వేసే పద్ధతితో.

నా షాపుకి వచ్చే తాళాల్లో ఎఫ్‌ఆర్‌పీ అని ఒకటుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. ఫోన్ కొట్టేసినవాడు రీసెట్ కొట్టినా, పాత జీమెయిల్ అడుగుతుంది. మాలాంటి వాళ్లకి దానితో తలనొప్పే, అయినా అది మంచి తాళం. ఎందుకంటే తాళంచెవి ఫోన్ కొన్నవాడి దగ్గర ఉంటుంది. 2023 మే నుంచి దేశమంతా కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, పోయిన ఫోన్ గుర్తింపు నంబరు ఐఎమ్‌ఈఐని బ్లాక్ చేయించుకోవచ్చు. ఫోన్ దొరికితే మళ్లీ మనమే తీయించుకోవచ్చు. అదీ మన తాళమే. మన ఇంటికి మనం వేసుకున్నది.

వీఆర్ హెడ్‌సెట్‌లో గేముకి వేసే తాళం అలాంటిది కాదు. అది దుకాణం వాడు తన సరుకుకి వేసిన తాళం, మన ఇంట్లో, మన తల మీద. ఎలా పనిచేస్తుందంటే, యాప్ తెరవగానే అది స్టోర్‌ని అడుగుతుంది: ఈ అకౌంటు నన్ను కొనుక్కుందా? ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా అమ్మే క్వెస్ట్ హెడ్‌సెట్ల స్టోర్‌లో యాప్ పెట్టాలంటే, తెరిచిన 10 సెకన్లలోపు ఈ ప్రశ్న అడిగి తీరాలని డెవలపర్లకి నియమం ఉంది. అవును అంటే ఆట మొదలవుతుంది, కాదు అంటే తలుపు మూసుకుంటుంది. ఇందులో మీరెవరో ఎవరికీ అక్కర్లేదు. డబ్బు కట్టింది మీరు, వస్తువు మీ చేతిలో ఉంది, బిల్లు మీ జేబులో ఉంది. అయినా కొన్నది మాత్రం అకౌంటు. అకౌంటు చస్తే మీరు అప్పటిదాకా ఏమీ కొననట్టే.

దీనిమీద ఇంకో పొర కూడా వచ్చింది. యాప్ ఎవరూ మార్చలేదని, హెడ్‌సెట్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినట్టే ఉందని సర్వర్ చేత ధ్రువీకరణ తెప్పించుకునే ఏర్పాటు. ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు చేసేది అదే. రూట్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన కట్లు తెంపిన ఫోన్‌లో పేమెంట్ యాప్ తెరుచుకోదని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి ఇది బాగా తెలుసు. బ్యాంకు సంగతి వేరు, పోయేది నా డబ్బు. ముగ్గు యాప్‌కి అంత అనుమానం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు రెండో హెడ్‌సెట్ గురించి చెప్పాలి. మా గొడవ నడుస్తున్న రోజుల్లోనే గుణుపురం వైపు నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. అచ్చం అదే మోడల్, ఛార్జింగ్ పిన్ లూజు అయింది. తెరిచి చూస్తే లోపల నలభై యాభై గేములు. "ఎంతయిందిరా?" అని అడిగాను. "టెలిగ్రామ్‌లో దొరుకుతాయన్నా, ఫ్రీయే" అన్నాడు. అప్‌డేట్లు ఆపేశాడు. ఆడేటప్పుడు వైఫై ఆపేస్తాడు. వాడిని ఏ సర్వరూ నువ్వెవరని అడగలేదు, కార్డు పంపమనలేదు, వ ఎక్కడ బ ఎక్కడ అని నిలదీయలేదు. వాడి గేముల్లో ఆ ప్రశ్న అడిగే ముక్కనే ఎవడో పీకేశాడు. పిన్ మార్చి మూడొందలు తీసుకున్నాను. వాడు వెళ్లాక మా హెడ్‌సెట్ వైపు చూడబుద్ధి కాలేదు.

పైరసీ ఆపడానికి వేసే తాళాలతో ఉన్న తంటా అంతా నా బల్ల మీద ఆ రోజు పక్కపక్కనే కూర్చుంది. తాళం ఉన్న కాపీ కొన్నవాడి దగ్గరే ఉంటుంది. దొంగ చేతికి చేరేది తాళం తీసేసిన కాపీ. కాబట్టి తాళం వల్ల వచ్చే ఇబ్బంది ఏదైనా సరే, అది మొదటివాడికే తగులుతుంది. రెండోవాడి దాకా చేరే దారే లేదు.

నేను నీతులు చెప్పే మనిషిని కాదని ఇక్కడే ఒప్పుకుంటాను. మొబైల్ షాపు పెట్టకముందు ఇదే గదిలో నాది సీడీల షాపు. రోజుకి పది రూపాయల అద్దె. అందులో ఒరిజినల్ ఎన్ని అని అడగకండి. ఆ రోజుల్లోనే, 2005లో, సోనీ బీఎమ్‌జీ అనే పాటల కంపెనీ కాపీ చేయకుండా ఆపడానికి తన ఆడియో సీడీల్లో ఒక ప్రోగ్రాం పెట్టింది. సీడీని కంప్యూటర్‌లో వేస్తే అది చెప్పాపెట్టకుండా విండోస్ లోపలికి దూరి, తనని తాను దాచుకునేది. ఆ దాక్కునే తీరుని వైరస్‌లు కూడా వాడుకోవచ్చని బయటపడ్డాక గోల గోలై, కంపెనీ ఆ సీడీలు వెనక్కి తీసుకుంది. మా షాపులో అద్దెకిచ్చే దొంగ సీడీల వల్ల ఎవరి కంప్యూటరూ అలా పాడవలేదు. డబ్బు పెట్టి సీల్ విప్పినవాళ్ల కంప్యూటర్లే పాడయ్యాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి, వస్తువు మారింది, తీరు మారలేదు. వీఆర్‌లో దీనికి తొలి పెద్ద గొడవ 2016లోనే జరిగింది. ఆ ఏడాది మార్చి నెలాఖరులో ఓక్యులస్ కంపెనీ హెడ్‌సెట్ రిఫ్ట్ బయటికొచ్చింది, ధర 599 డాలర్లు. వారం తిరగ్గానే దానికి పోటీగా హెచ్‌టీసీ కంపెనీ వైవ్, 799 డాలర్లు. రిఫ్ట్ స్టోర్‌లో కొన్న గేములు వైవ్‌లో ఆడవు. ఇదెలా ఉందంటే, మా పర్లాకిమిడి చిన్న రైలు సంగతిలా ఉంది. 1900లో మా రాజావారి హయాంలో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన లైను అది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. నౌపడలో మద్రాసు, కలకత్తా లైను పెద్దది. ఆ బండి మా పట్టాల మీదికి రాదు, మా బండి అక్కడ ఎక్కదు. మూటా ముల్లే దించుకుని, ప్లాట్‌ఫారం మారి, మళ్లీ ఎక్కాలి. అయితే ఆ పట్టాల తేడా ఖర్చు తగ్గించుకోవడానికి వచ్చింది. ఎవరినీ ఆపడానికి కాదు. బ్రాడ్‌గేజ్ వేసి ఆ తేడా తీసేశారు, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండే నడిచింది.

వీఆర్‌లో కూడా ఒకాయన అలాంటి పనే చేశాడు. రివైవ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చాడు. దాంతో ఓక్యులస్ స్టోర్‌లో డబ్బు పెట్టి కొన్న గేమునే వైవ్‌లో ఆడుకోవచ్చు. కొన్నారా లేదా అన్న తనిఖీని అది ముట్టుకోలేదు. గేము అమ్ముడుపోతోంది, డబ్బు ఓక్యులస్‌కే వెళ్తోంది. కొన్న గేముని జనం దేనిమీద ఆడుకున్నా తనకి పట్టింపు లేదని ఓక్యులస్ పెట్టిన పామర్ లక్కీ అంతకుముందు బాహాటంగా అన్నాడు కూడా. అయినా 2016 మే నెలలో వచ్చిన అప్‌డేట్, తనిఖీలోకి ఇంకో ప్రశ్న దూర్చింది: రిఫ్ట్ తగిలించి ఉందా? పైరసీ ఆపడానికే అన్నట్టు చెప్పారు. ఆగిపోయింది మాత్రం డబ్బు కట్టిన వైవ్ వాళ్ల ఆట.

తర్వాత జరిగింది చూడండి. రెండు ప్రశ్నలూ ఒకే ముడిలో ఉన్నాయి కాబట్టి, రివైవ్ రాసినాయనకి రెండోది దాటాలంటే మొదటిది కూడా తీసేయక తప్పలేదు. ఇష్టం లేకుండానే తీశాడు. అంటే అప్పటిదాకా కొన్నవాళ్లకే పనికొచ్చిన సాధనం, కొననివాళ్లకీ పనికొచ్చేలా తయారైంది. పైరసీకి దారి లేని చోట తాళమే దారి తీసింది. జూన్ నెలాఖరుకి ఓక్యులస్ ఆ హెడ్‌సెట్ ప్రశ్న తీసేసింది. రివైవ్ ఆయన కూడా వెంటనే తన తీసివేతని వెనక్కి తీసుకుని, కొన్నారా లేదా అన్న తనిఖీని మళ్లీ ఉండనిచ్చాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో పెద్దమనిషి తరహాలో ప్రవర్తించింది ఆయనొక్కడే.

రెండేళ్ల తర్వాత, 2018 మార్చి 7న, ప్రపంచంలో ఉన్న రిఫ్ట్‌లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ అసలైనదే అని చెప్పే డిజిటల్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది, కొత్తది పెట్టడం మర్చిపోయారు. అది పైరసీ కోసం పెట్టింది కాదు, భద్రత కోసం పెట్టింది, ఆ మాట చెప్పాలి. కానీ వస్తువు మన ఇంట్లో, అది తెరుచుకోవడానికి కావాల్సిన సంతకం ఇంకొకరి క్యాలెండర్‌లో అన్న సంగతి ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. అప్‌డేట్ దింపే ప్రోగ్రాం కూడా అందులోనే చిక్కుకుంది కాబట్టి, సవరణని జనం చేత్తో దింపుకోవాల్సి వచ్చింది. క్షమించమని 15 డాలర్ల క్రెడిట్ ఇచ్చారు. మరుసటి రోజుకే సర్దుకుంది. అమెరికాలో నెట్ బాగున్నవాడికి సర్దుకుంది, సరే. మహేంద్రగిరి పక్క ఊళ్లలో గాలివాన వస్తే రెండు రోజులు టవర్ ఉండదు. అక్కడివాడికి మరుసటి రోజు అంటే ఎప్పుడో లెక్క వేసుకోవాలి.

ఇక 2020. అప్పటికి ఓక్యులస్ ఫేస్‌బుక్ చేతిలో ఉంది, ఇప్పటి మెటా అదే. వాళ్ల కొత్త హెడ్‌సెట్ క్వెస్ట్ 2 అక్టోబరు 13న 299 డాలర్లకి వచ్చింది. వాడాలంటే ఫేస్‌బుక్ అకౌంటు ఉండాల్సిందే అన్నారు. ఫేస్‌బుక్ లేనివాళ్లు దీనికోసం కొత్తగా అకౌంటు తెరిస్తే, కొత్త అకౌంటు కాబట్టి దొంగ అకౌంటేమో అని అక్కడి మిషన్ కొందరి అకౌంట్లు మూసేసింది. చేతిలో కొత్త హెడ్‌సెట్, పెట్టె వాసన కూడా పోలేదు, బొత్తిగా పనికిరాకుండా పోయింది. జర్మనీలో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ ఆ డిసెంబరులోనే దర్యాప్తు మొదలుపెట్టింది, అంతకుముందే అక్కడ అమ్మకాలు ఆగాయి. 2022 ఆగస్టుకి గానీ ఫేస్‌బుక్ అక్కర్లేని మెటా అకౌంట్లు రాలేదు. ఫేస్‌బుక్‌లో ఎవరితోనో తిట్లకి దిగి అకౌంటు పోగొట్టుకున్నవాడి టేబుల్ టెన్నిస్ ఆట ఎందుకు పోవాలో ఎవరైనా చెప్తే వింటాను. బజార్లో తగాదా పడ్డాడని ఇంట్లో ఫ్యాను స్విచ్ తీసేస్తారా?

ఇన్ని చెప్పాక అవతలి మాట చెప్పకపోతే అన్యాయం. పైరసీ వల్ల నష్టపోయేది పెద్ద కంపెనీలే అయితే నాకు నిద్ర పట్టకపోవడం ఏమీ ఉండదు. వీఆర్ గేములు చేసేవాళ్లలో ఎక్కువమంది చిన్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు కలిసి రెండేళ్లు కూర్చుని చేసేవాళ్లు. ఫోన్లలా కోట్ల మంది కొనే వస్తువు కాదిది, వెయ్యి కాపీలు తేడా వస్తే వాళ్లకి ఇల్లు గడవదు. ఆ గుణుపురం కుర్రాడి నలభై గేముల వెనక అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో. నా సీడీ షాపు రోజుల్లో ఆ ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడొస్తోంది, వయసు అనుకోండి. అందుకే తాళమే వద్దని నేను అనను. కొన్నారా అని అడగడం తప్పు కాదు. కొన్న రోజు అడగండి, నెలకోసారి అడగండి. జవాబు రాకపోతే కొన్నవాడని నమ్మండి. రైల్లో టీసీ టికెట్ అడుగుతాడు. చూపించాక కూడా ప్రతి స్టేషన్లో దింపి, ఆధార్‌లో పేరు కలవలేదని ప్లాట్‌ఫారం మీద వదిలేసి బండి తీసుకుపోడు.

నా దగ్గరున్న సామాన్లతో, తెలిసినవాళ్ల సాయంతో, ఆ తాళం ముందే ఎందుకు పగలగొట్టలేదని షాపు పక్కన జిరాక్స్ ఆయన అడిగాడు. చట్టం ఉందండీ అన్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో సవరించి 65ఎ సెక్షన్ చేర్చారు. రక్షణ కోసం పెట్టిన తాళాన్ని దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ అందులో ఒక మంచి మాట ఉంది. హక్కులు కాజేసే ఉద్దేశంతో దాటితేనే నేరం. అమెరికాలో 1998 నాటి చట్టంలో ఉద్దేశంతో పెద్దగా పని లేదు, దాటడమే తప్పు. మన చట్టం ఆ మేరకు మనిషిని మనిషిలా చూసింది. అమ్మ ముగ్గు తీసుకోవడం ఎవరి హక్కూ కాజేయడం కాదు. చట్టానికి భయపడక్కర్లేదు. కానీ మా మేనల్లుడి అకౌంటు ఇంకా తిరిగొస్తుందన్న ఆశతో, ఏదైనా గెలికితే శాశ్వతంగా పోతుందేమోనని టెన్షన్‌తో చేతులు కట్టుకుని కూర్చున్నాను. తీరా అకౌంటు పోయింది, గెలకలేదన్న తృప్తి మిగిలింది.

ముగ్గు యాప్ కంపెనీకి అమ్మ ముగ్గు మీద హక్కు ఏమీ లేదు. గేము వాళ్లది, హెడ్‌సెట్ మాది, ముగ్గు అమ్మది. తాళం వేసేటప్పుడు మూడూ ఒకే గదిలో పెట్టి వేశారు. పైరసీ గురించి జరిగే వాదనల్లో ఈ మూడో వస్తువు ఎక్కడా కనబడదు. గేము చేసినవాడి హక్కు, కొన్నవాడి హక్కు అని రెండు పక్షాలే మాట్లాడుకుంటారు. వాడినవాళ్లు లోపల చేసుకున్నది ఎవరి పద్దులోనూ ఉండదు.

కంపెనీలకి వేరే దారి లేదా అంటే, ఉంది. వాళ్లలోనే కొందరు చేసి చూపించారు. ఓక్యులస్ గో అని 2018లో 199 డాలర్లకి వచ్చిన చిన్న హెడ్‌సెట్, రెండేళ్లకే అమ్మకం ఆపేశారు. 2021 అక్టోబరులో, అప్పట్లో ఆ కంపెనీకి సాంకేతిక సలహాదారుగా ఉన్న జాన్ కార్మాక్ పట్టుబట్టి పోరగా, దాని తాళం పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీయే ఇచ్చింది. రేపు సర్వర్లు మూసేసినా, ఎవరి అటకమీదో దొరికిన గో పనిచేస్తుంది. అదే సంస్థ చేతిలోని ఎకో వీఆర్ ఆటకి ఆ భాగ్యం దక్కలేదు. 2023 ఆగస్టు 1న సర్వర్లు ఆపేశారు, కంపెనీ వైపు నుంచి ఆట అక్కడితో సరి. మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకా ఘోరం. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్‌తో వీఆర్ హెడ్‌సెట్లు నడిపించే తన మిక్స్‌డ్ రియాలిటీ సాఫ్ట్‌వేర్‌ని పీకేసింది, దాన్ని నమ్ముకుని వేరే కంపెనీలు చేసిన హెడ్‌సెట్లు ఆ కంప్యూటర్లలో పనికిరాకుండా పోయాయి. అందులో పైరసీ లేదు, దొంగ లేడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకి విసుగొచ్చినా మనకి చీకటే.

గూగుల్‌కి టిల్ట్ బ్రష్ అని గాల్లో బొమ్మలు గీసే యాప్ ఉండేది. 2021 జనవరిలో దాని మీద పని ఆపేస్తూ, దాని కోడ్‌ని అందరికీ ఇచ్చేసింది. ఇష్టమున్నవాళ్లు దాన్ని ఓపెన్ బ్రష్ అని పెంచుకుంటున్నారు. ఉచితం. తనిఖీ చేయడానికి అందులో కొన్నదంటూ ఏమీ లేదు. దీని సంగతి నాకు ముందే తెలిసుంటే మా ఇంట్లో ఈ రామాయణం జరిగేది కాదు.

రీసెట్ కొట్టిన హెడ్‌సెట్‌లో నా పేరు మీద కొత్త అకౌంటు తెరిచాను. ఈసారి ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, బ తోనే. ఓపెన్ బ్రష్ వేశాను. ఈ సంక్రాంతికి అమ్మ మళ్లీ కూర్చుంది. మోకాలు ఇంకా పాడైంది, లేచి వెనక్కి వెళ్లి చూడలేదు. చుక్కలు పెడుతూ మధ్యలో ఆగి, "ఇది కూడా పోద్దేటిరా?" అని అడిగింది. పోదమ్మా అన్నాను. "అప్పుడూ అలాగే అన్నావు" అంది. అప్పుడు నేనేమీ అనలేదు నిజానికి, అనాల్సి వస్తుందని కూడా అనుకోలేదు. వాదించలేదు.

ముగ్గు అయ్యేసరికి రాత్రి తొమ్మిదైంది. పాత ముగ్గంత కుదరలేదని ఆవిడే అంది, ఎడమ పక్క ఒక మెలిక కలవలేదు. కేబుల్ పెట్టి ఫైలు కంప్యూటర్‌లోకి తీశాను, అక్కడి నుంచి ఒక పెన్ డ్రైవ్‌లోకి. దాని మీద మార్కర్‌తో "అమ్మ ముగ్గు" అని రాసి, షాపు తాళాల గుత్తికి తగిలించాను.